మేడ మీద ఎర్రగుడ్డ

మా ఆసుపత్రి ఎంత ఎదిగిపోయిందో అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎదిగింది, కాదనను. దాని మంచాలు తుడిచిన చేతులివి. నర్సుగా చేరి, పెద్ద నర్సునై, అక్కడే రిటైరయ్యాను. నా కూతుర్ని కూడా అక్కడే కన్నాను. అయితే అది ఎటువైపు ఎదిగిందో ఎవరూ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

మొదట్లో అదొక పాత ఐసు గిడ్డంగి. ఫిషింగ్ హార్బర్ పైన, ఎత్తు మీద ఉండేది. పడవల వాళ్ళు వాడడం మానేసి, మీరేదో మంచి పని చేసుకోండని ఇచ్చేశారు. మిషన్ ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన ఒక డాక్టరమ్మ, చర్చికి వచ్చే కొన్ని కుటుంబాలు, పోర్టులోనూ స్టీల్ ప్లాంటులోనూ ఉద్యోగాలకని గోదావరి వైపు నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళం కలిసి దాన్ని కడిగి సున్నం వేశాం. ఎంత కడిగినా చేపల వాసన పోలేదు. పురుళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు ముక్కు మూసుకునేవారు, హార్బర్ ఆడవాళ్ళు తప్ప. మా ఆయన ప్లాంటులో షిఫ్టులు చేసేవాడు. నేను కూర్మన్నపాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని.

రక్తం కావాల్సి వస్తే మాకు దిక్కు హార్బరే. అప్పట్లో ఫోన్లు ఎక్కడివి? ఒకసారి డాక్టరమ్మకి ఏమీ తోచక తన గది కిటికీకున్న ఎర్ర తెర పీకి, వెదురుకర్రకి కట్టి, గిడ్డంగి పైకెక్కి నిలబెట్టింది. కింద చేపల వేలంపాటలో ఉన్నవాళ్ళు చూశారు. ఎవరికేమైందోనని కొందరు ఎక్కి వచ్చారు. అంతే, అది ఆచారమైపోయింది. పైన గుడ్డ ఎగిరితే రక్తం కావాలి. దొరకగానే దించేస్తాం. దించేశాక ఎవరూ రారు, రానక్కర్లేదు కూడా. తర్వాత గిడ్డంగి పోయి మేడ వచ్చింది. కర్ర మాత్రం మేడ మీదికి మారింది. పొద్దున్నే రేవుకొచ్చేవాళ్ళు సముద్రం చూశాక ఒకసారి మా మేడ వైపు కూడా చూసేవారు.

నా పురుడప్పుడు ఆ గుడ్డ నాకోసమే ఎగిరింది. నాది ఓ నెగటివ్ రక్తం. వందమందిని పిలిస్తే ఒకళ్ళకి ఉంటుందో ఉండదో. తడిసిన లుంగీతో, మోచేతుల దాకా పొలుసులతో ఒక కుర్రాడు వచ్చి పక్క మంచం మీద పడుకున్నాడు. అతనిదీ అదే గ్రూపు. నేను బతికాను. ఆ రోజు నుంచి అతను నాకు తమ్ముడు, పుట్టిన పిల్లకి మావయ్య. పిల్లకి కూడా నా గ్రూపే వచ్చింది. దాన్ని ఏడిపించడానికి, నీలో ఉప్పునీళ్ళు నావే, పెద్దయ్యాక పడవెక్కాల్సిందే అనేవాడు. మామధ్య రాకపోకలకి ఎప్పుడూ ఫోను అవసరం పడలేదు. ఏ పండక్కో తనే సంచీలో చేపలు పట్టుకుని వచ్చేవాడు.

ఆసుపత్రి పెరుగుతూ వచ్చింది. పురుళ్ళ వార్డు, ఆపరేషన్ గది, అంబులెన్సు. ఒక్కొక్కటి వచ్చినప్పుడు నేను మురిసిపోయాను, అబద్ధం ఎందుకు? డాక్టరమ్మ కాలం చేశాక కమిటీలో కొత్తవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే. జనం పెరిగారు, గదులు చాలడం లేదు, లిఫ్టుతో పెద్ద బ్లాకు కట్టాలన్నారు. ఎక్కడ కడతారంటే, మేడకి ముందున్న ఖాళీ జాగాలోనట. సముద్రం వైపు.

ముందు అయిదంతస్తులు లేస్తే వెనక మా మేడ రేవుకి కనపడుతుందా? మీటింగులో లేచి అడిగాను. సెక్రటరీ గారు నవ్వి, ఇంకా జెండాలేమిటి సిస్టరమ్మా, ఫోన్లో గ్రూపు పెట్టాం, ఒక్క మెసేజీ కొడితే ఊరంతా చూస్తుందన్నారు. నాకు తిక్కరేగింది.

"గుడ్డయితే రక్తం దొరకగానే దించేస్తాం. మీ మెసేజీని ఎవరు దించుతారండీ?" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. నాకేమో అప్పటికే అలాంటి మెసేజీలు రోజూ వచ్చేవి. ఎక్కడో హైదరాబాదులో ఎప్పుడో అవసరం తీరిపోయిన రక్తం కోసం ఇంకా ఎవరో ఒకరు పంపుతూనే ఉండేవారు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చివరికి నా పోరు పడలేక, సరే, కర్ర కొత్త బ్లాకు మీదికే మారుస్తామన్నారు. ప్రారంభోత్సవం రోజున మైకులో కూడా చెప్పారు. రేవు జనమంతా చప్పట్లు కొట్టారు. మా తమ్ముడు అందరికన్నా ముందు కొట్టాడు.

కర్ర మారలేదు. కొత్త మేడ మీద నీళ్ళ ట్యాంకులు వచ్చాయి, ఏసీ డబ్బాలు వచ్చాయి, ఆసుపత్రి పేరుతో దీపాల బోర్డు వచ్చింది. అడిగినప్పుడల్లా వచ్చేవారం అనేవారు. మామూలు రక్తం గ్రూపులకి ఫోను సరిపోయింది గనక ఎవరికీ లోటు తెలియలేదు. మధ్యాహ్నం దాకా వెనక మేడ నీడలోనే ఉండేది. రిటైరయ్యాక కూడా అటు వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని. నీడలో ఆ వట్టి కర్ర అలాగే ఉండేది. మా ఆయన నన్ను పిచ్చిదాన్నన్నాడు.

అప్పుడే మా అమ్మాయి కడుపుతో ఉందని తెలిసింది. ఇంట్లో అందరూ స్వీట్లు పంచుతుంటే నేను మాత్రం దాని గ్రూపు తలుచుకుని వణికిపోయాను. డాక్టర్లు భయపడొద్దన్నారు, ఎనిమిదో నెల రాగానే ఒక రక్తం బ్యాగు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టారు. కడుపు పెద్దదైన కొద్దీ నాకు నిద్ర తగ్గింది. మా తమ్ముడు చేపలు పట్టుకొచ్చి దానికి ధైర్యం చెప్పాడు. నేను కాఫీ కలుపుతూ వంటింట్లోంచి విన్నాను.

"నీకేటి భయం? గుడ్డ ఎగరేసీమను. వలలో సేపలున్నా ఒదిలేసి ఒచ్చేత్తాను."

కాఫీ ఇచ్చాను, తాగాడు, వెళ్ళిపోయాడు. నంబరు అడగాలని అప్పుడు కూడా తట్టలేదు.

నొప్పులు నెల ముందే వచ్చాయి. కొత్త బ్లాకులో, చల్లటి గదిలో, తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. ఉన్న ఒక్క బ్యాగు ఎక్కించారు, ఇసకలో పోసినట్టు పోయింది. ఫోన్ గ్రూపులో మెసేజీ పెట్టారు. అల్లుడు బ్లడ్ బ్యాంకులన్నీ తిరిగి, ఆ రక్తం ఎక్కడా లేదని గోపాలపట్నం నుంచి ఫోన్ చేసి ఏడ్చాడు. ఆపరేషన్ గది బయట నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఇలాంటి తలుపు బయట ఎందరి తల్లులకో ధైర్యం చెప్పినదాన్ని నేను.

నాతో పాటు పనిచేసిన ఆయా పరుగున వచ్చింది. "గుడ్డ ఎగరేసినాను సిస్టరమ్మా. ఇంక ఒచ్చేత్తారు," అంది.

ఏ మేడ మీద అని అడగక్కర్లేకపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా దిగువకి పరిగెత్తాను. రేవులో వేలంపాట మంచి జోరు మీదుంది. బుట్టలు, ఐసు, అరుపులు. ఆ జనంలో అతన్ని వెతికి, చెయ్యి పట్టుకుని లాగాను. నా ముఖం చూసే అతనికి అర్థమైంది. చేతిలో బుట్ట వదిలేశాడు.

"మెసేజీ సూసినాను. మేడకేసి కూడా సూసినాను సిస్టరమ్మా. గుడ్డ నేదు. రగతం దొరికిపోనాదనుకున్నాను."

ఇద్దరం ఆ ఎత్తు పరిగెత్తి ఎక్కాం. అతను నాకన్నా ముందు చేరాడు. చొక్కా చెయ్యి మడిచి పడుకున్నాడు. రక్తం తీయాలి, పరీక్ష చేయాలి, అప్పుడు ఎక్కించాలి. తొందరపడండర్రా అని అరిచాను, నేనే నేర్పిన పిల్లల మీద. వాళ్ళు తొందరపడుతూనే ఉన్నారు. సంచీ ఇంకా నిండలేదు, డాక్టరు బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడి తల దించుకున్నాడు.

కాస్సేపటికి మా తమ్ముడు లేచి, చేతికి దూది నొక్కుకుంటూ, గుడ్డ ఎక్కడుందో చూపించమన్నాడు. బ్లాకు వెనక్కి తీసుకెళ్ళాను. పాత మేడ మీద, గాలికి బాగానే ఎగురుతోంది. అతను దాన్ని చూశాడు, తిరిగి ముందున్న అయిదంతస్తుల గోడని చూశాడు. నేలమీద కూలబడిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ గోడని గోళ్ళతో పీకేయాలనిపించింది.

సెక్రటరీ గారు మా ఇంటికొచ్చి, కర్ర వెంటనే మార్పిస్తామమ్మా అన్నారు. మార్పించారు కూడా, దీపాల బోర్డు పక్కన కొత్త ఇనపకర్ర నాటించారు. ఇప్పుడు అది రేవంతటికీ కనపడుతుంది.

పాత కర్ర మీది గుడ్డ దించడానికి ఆయా వెళ్తే నేను దించనివ్వలేదు. రక్తం దొరికితేనే దించాలి. ఆ రోజు దొరకలేదు. ఎండకి రంగు పోయి, వానకి చివర్లు చిరిగి, ఆ నీడలోనే ఇంకా ఉంది. మనవరాల్ని టీకాలకి అక్కడికే తీసుకెళ్తాను, ఇంకెక్కడికి తీసుకెళ్తాను? మొన్న దాని రక్తం పరీక్ష చేసి నర్సు పిల్ల చీటీ నా చేతికిచ్చింది. విప్పకుండానే ఏమిటని అడిగాను.

ఓ నెగటివే అంది.