మిరపకాయ బజ్జీకి ఆపరేషన్

ఆ రోజుల్లో ఉద్యోగం దొరికితే చాలు, అందులో ఏం చేయాలో తర్వాత చూసుకోవచ్చనుకునే వయసు నాది. ఎల్‌బీ నగర్‌లోని మా చిన్న కంపెనీ, పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరా దూర్చి చేసే ఆపరేషన్లకు త్రీడీ తెరలు అమ్మేది. మామూలు తెర మీద లోపలిదంతా గోడకంటించిన పోస్టర్‌లా కనిపిస్తుంది. మా అద్దాలు పెట్టుకుంటే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. అంతా బాగానే ఉంది, కొనేవాళ్లే లేరు. "దిల్‌సుఖ్‌నగర్ హాస్పిటల్ ఆర్డరు కూడా పోయిందనుకో, ఇక నీ ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమేనోయ్" అన్నారు మా మేనేజరు గారు (గుంటూరు మనిషి, ఎంత చేదు మాటైనా నవ్వుతూనే చెప్పేవారు). నేనేమో పర్మనెంటయ్యానని అప్పటికే ఇంట్లో చెప్పేసి, అమ్మ చేత వీధంతా లడ్డూలు పంచించాను.

తీరా డెమో రోజున, కెమెరా బిగించిన ప్రాక్టీసు పెట్టెలో పెట్టాల్సిన రబ్బరు పిత్తాశయం కొరియర్ వాడి పుణ్యమా అని విజయవాడ వెళ్లిపోయింది. పెద్ద డాక్టరు గారేమో ఇంకాసేపట్లో వచ్చేస్తారు. హాస్పిటల్ గేటు పక్కన బండి మీద బజ్జీలు వేగుతున్నాయి. మెత్తగా, పొడుగ్గా, పైన పొర, లోపల ఇంకోటి... ఇంకేం కావాలి? ఒకటి కొని, చల్లార్చి, పెట్టెలో పెట్టి మూత వేశాను.

"ఇన్నేండ్ల సంది మామూలు తెరతోనే చేస్తున్న. నాకెందుకయ్యా గీ అద్దాలు?" అని విసుక్కుంటూనే పెద్ద డాక్టరు గారు అద్దాలు పెట్టుకున్నారు. తెర నిండా బజ్జీ. "ఇదేం మోడల్?"

"లోకల్ సార్. ఇప్పుడే తయారైంది" అన్నాను (ఒక్క ముక్క అబద్ధం లేదు, గమనించండి).

ఆయన రెండు పొడుగాటి పరికరాలతో శనగపిండి పొర ఒలుస్తూ, చుట్టూ నిలబడ్డ జూనియర్లకు పాఠం మొదలుపెట్టారు. "చూసిండ్రా, ఎట్ల అతుక్కుందో! బాగ వాచిన కేసు. జర మెల్లగ ఇడిపియ్యాలె." ఇంతలో మిరపకాయ చిట్లి గింజలు బయటపడ్డాయి. "అరె, రాళ్లు గూడ పెట్టిండ్రు! శబాష్!" అప్పుడే లోపలికొచ్చిన మా మేనేజరు గారు, సంగతి గ్రహించి, సీలింగు ఫ్యాను వైపు తిరిగి దండం పెట్టుకుంటున్నారు.

"సార్, వాము వాసనొస్తుంది" అన్నాడొక జూనియర్.

డాక్టరు గారు అద్దాలు తీసి మూత ఎత్తారు. "ఏందిది?"

"మిర్చి బజ్జీ సార్." పంచిన లడ్డూలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"గింత పెద్దగ చూపెట్టి గూడ బజ్జీ అని తెల్వనియ్యలే. మరి నీ తెర మంచిదా, చెడ్డదా?"

"మంచిదే సార్. వాసన పంపే మోడలే ఇంకా రాలేదు."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు, జూనియర్లూ అందుకున్నారు. "లోతు మాత్రం మంచిగ తెలిసింది. రెండు పంపియ్యి. ఒకటి ఆపరేషన్ థియేటర్‌కు, ఒకటి గీ పిల్లలు నేర్చుకునేటందుకు."

ఇప్పుడు నా కార్డు మీద పెద్ద హోదానే ఉంది. డెమోకు ఏదైనా సామాను రాకపోతే, మర్యాదగా వాయిదా కోరుతూ మెయిల్ పెడతాను. అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది, ఎవరూ నవ్వరు. అప్పటి నాలాంటి వాడొకణ్ణి మా టీములో పెట్టుకోవాలని ఎంత ఆశో! కానీ వాడొస్తే ఇంటర్వ్యూ చేయాల్సింది నేను. "పద్ధతి తెలియని మనిషి" అని రాసి నేనే వెనక్కి పంపేస్తానేమోనని భయం.