పచ్చబొమ్మ ఆరిపోయినప్పుడు

కార్లలో డ్రైవరు ముందుండే తెర మీద గుర్తులు గీయడం నా ఉద్యోగం. రోడ్డు మీది గీతల్ని చూసుకుంటూ తనంతట తానే స్టీరింగ్ తిప్పుకునే కొత్త కారులో, ఆ పని సాగినంతసేపూ వెలిగే పచ్చటి స్టీరింగ్ బొమ్మ నాదే. గీతలు కనబడకపోతే కారు స్టీరింగ్‌ని వదిలేస్తుంది, బొమ్మ బూడిదరంగుకు మారుతుంది. అప్పుడు చప్పుడు కూడా రావాలని నేను, అక్కర్లేదని ఆఫీసు. మన రోడ్ల మీద గీతలు అడుగడుక్కీ మాయమవుతాయి, ప్రతిసారీ కూస్తే కొన్నవాడు విసిగి మొత్తం ఆపేస్తాడని వాళ్ల వాదన. అందులో కాస్త నిజం ఉంది కాబట్టే నాకు మరీ ఒళ్లు మండేది.

ఒక ఆదివారం ఆఫీసు అనుమతితో పరీక్ష కారును నెల్లితోపులో మా ఇంటికి తెచ్చి, చిన్నాయన చేతికిచ్చాను. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. నేను పక్క సీట్లో కూర్చున్నాను. కడలూరు రోడ్డెక్కాక బొమ్మ పచ్చగా వెలిగింది.

"చేతులు మాత్రం తీయబాకు చిన్నాయనా."

"నాకు నువ్వు చెప్పేదేంది?" అని నవ్వాడు.

ముదలియార్‌పేటలో రోడ్డు పక్కన అమ్మవారి గుడి వచ్చింది. మామూలుగా అయితే ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చెయ్యి గుండెకు ఆనించి దండం పెట్టుకుంటాడు. ఆ రోజు రెండు చేతులూ జోడించాడు. కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అక్కడే రోడ్డు తవ్వి కొత్తగా తారు వేశారు, గీతలు లేవు. నేను చూస్తుండగానే బొమ్మ బూడిదరంగైంది. కారు మెల్లగా ఎడమకు ఒరిగింది, పూలమ్మే ఆమె వైపు. చెయ్యి చాచి స్టీరింగ్‌ని కుడికి తోసేశాను. ఆమెకు ఏమీ కాలేదు. తమిళంలో ఆమె తిట్టిన తిట్లు అద్దాలు మూసి ఉన్నా వినబడ్డాయి.

బండి ఆగాక భయమంతా కోపమై ఆయన మీద విరుచుకుపడ్డాను.

"చేతులు యాడ పెట్నావు?"

"పచ్చగా ఎలుగుతా ఉండింది గదమ్మా. నువ్వు చేసిందే గదా అని, అమ్మోరికి నిండుగా మొక్కుకున్నా."

"అది ఆరిపోయింది, చూడలేదా?"

"యాడ చూసేది? కండ్లు మూసుకోనుంటి గదా."

ఆయన దిగి, నన్ను నడపమన్నాడు.

మర్నాడు మీటింగులో మళ్లీ అదే చర్చ. కనీసం స్టీరింగ్ మీద చేతులు లేనప్పుడైనా చప్పుడు రావాలని, లేకపోతే ఆ బొమ్మ డిజైను మీద నేను సంతకం పెట్టనని చెప్పాను. మా మేనేజరు విసుక్కున్నాడు.

"కళ్లు మూసుకుని కారు నడిపేవాడు ఎవడుంటాడండీ?"

"మా చిన్నాయన," అన్నాను. "నన్ను పక్కన కూర్చోబెట్టుకుని."