తొమ్మిదేళ్లే పెద్ద తండ్రి

మా కమ్మరి వంశం జాడ వెతుకుతూ భిలాయి నుంచి ఆర్మూర్ వచ్చి నాలుగు రోజులైంది. పాత రికార్డు ప్రకారం ముత్తాత మా తాతకంటే తొమ్మిదేళ్లే పెద్ద. ఎన్నిసార్లు లెక్కేసినా అంతే. విసిగిపోయి, వేల్పూర్‌లో కొలిమి నడుపుతున్న మా దూరపు బంధువుల ఇంటికి వెళ్లి అక్కడి ముసలమ్మకు చెప్పాను.

ఆమె నవ్వింది. "నాలుగు దినాలు గీ కాయితం మోసినవా బిడ్డా? ముందుగాల నన్నడుగకపోతివి! గాయిన మీ తాతకు చిన్నాయిన. అన్న సచ్చిపోతే పద్నాలుగేండ్లకే కొలిమిల కూసున్నడు, పిల్లగాన్ని సాదిండు. మా ఇండ్లల్ల కొలిమి పట్టినోన్నే నాయిన అంటరు."

"మరి కన్నతండ్రి పేరు?"

"యాదికి లేదు బిడ్డా. ఎవ్వలు అడుగలే."

తిరుగు బస్సులో, వంశవృక్షంలో ముత్తాత చోట పెన్సిల్‌తో రాసుకున్న ఆ చిన్నాయన పేరునే చెరపకుండా పెన్నుతో దిద్దాను.