రత్నకుమారిగారి రిపోర్టు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటేడు రాజోలులో ఒక రక్తపరీక్షల ల్యాబుకి సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. గల్ఫ్ వెళ్లేవాళ్లతో పొద్దున్నే అక్కడి బెంచీలన్నీ నిండిపోయేవి.

డేటాబేసులో వరస నంబర్లు ఇచ్చేదాన్ని సీక్వెన్స్ అంటారు. ప్రతి శాంపిల్‌కీ తర్వాతి నంబరు అదే ఇస్తుంది. నేను శాంపిళ్ల వివరాలకి కొత్త టేబుల్, అంటే పట్టిక, కట్టి, కొత్త సీక్వెన్స్ పెట్టాను. దాని పేరు చూడముచ్చటగా ఉండాలని ఇంగ్లీషు పెద్దక్షరాలు కలిపి కొటేషన్ గుర్తుల్లో రాశాను. అదో సోకు నాకు. అలా రాసిన పేరుని మళ్లీ కొటేషన్లతోనే పిలవాలి. లేకపోతే డేటాబేస్ అన్నీ చిన్నక్షరాలు చేసుకుని వెతుకుతుంది. పాత నంబర్లు ఆగినచోటు నుంచి మొదలెట్టమని ఆజ్ఞ ఇస్తూ ఆ కొటేషన్లు మరిచిపోయాను. చిన్నక్షరాల పేరుతో పాత సీక్వెన్స్ ఇంకా ఉంది. ఎందుకైనా మంచిదని దాన్ని తీసెయ్యకుండా ఉంచింది నేనే. ఆజ్ఞ దానికి అందింది, ఎర్రర్ రాలేదు. కొత్తది మాత్రం ఒకటి నుంచి మొదలైంది. ఫలితాల టేబుల్ పాతదే కావడంతో కొత్త మనిషి నంబరుకి పాత మనిషి ఫలితం వచ్చి కూర్చుంది. చాలామందికి అంతా నార్మలే కాబట్టి ఎవరూ గమనించలేదు.

రత్నకుమారిగారికి మాత్రం హెపటైటిస్ బి ఉన్నట్టు వచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి వీసా సిద్ధంగా ఉంది ఆవిడకి. ఈ జబ్బుంటే అక్కడికి రానివ్వరు. కాగితం పట్టుకుని ల్యాబుకొస్తే, ఆవేళ అక్కడే ఉన్న నా దగ్గరికి పంపారు.

"పేరు నాదేనండి. రక్తం నాది కాదేమోనండి. ఒక్కసారి మళ్లీ తియ్యమనండి సార్" అంది.

స్క్రీన్ చూశాను. కాగితంలో ఉన్నదే అక్కడా ఉంది. "కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా" అన్నాను.

"ఆయ్" అని తలూపి వెళ్లిపోయింది.

మూడోరోజు ఒక మగాయన రిపోర్టులో గర్భం అని వచ్చింది. ల్యాబంతా ఒకటే నవ్వులు. నేను మాత్రం సీక్వెన్స్ తెరిచి చూసి, నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యాయని కనిపెట్టాను.

ఆవిడ అసలు ఫలితం మెషీన్‌లోంచి తీసి, జబ్బు లేదన్న సరైన రిపోర్టు పట్టుకుని, ఆవిడ ఉంటున్న వాళ్లక్కగారింటికి పరిగెత్తాను. వీసా ఇప్పించే ఏజెంటు అప్పటికే ఆ పనికి ఇంకొకావిణ్ణి పంపించేశాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"ఈ కాగితం మా అక్కకి మీరే చదివి చెప్పండి సార్. మూడ్రోజుల్నుంచీ నాకు కంచం విడిగా పెడతన్నాది" అంది రత్నకుమారిగారు.

చదివాను. అక్కగారు తలూపి టీ తెచ్చారు. చెల్లెలి గ్లాసు అప్పటికీ విడిగానే ఉంది.

కొటేషన్లు మరవడం పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. మళ్లీ తియ్యమని ఆవిడ అడిగినప్పుడు తీయించకపోవడం నా తప్పు. ఇప్పుడు ఏ ల్యాబులోనైనా "ఇది నాది కాదండీ" అని ఎవరైనా అంటే, ముందు రక్తం మళ్లీ తీయిస్తాను. స్క్రీన్ తర్వాత చూస్తాను.