బార్లా బావ ఒంటి చెప్పు

బార్లా బావకి ఉన్నది ఒకటే జబ్బు. తెరిచింది మూయడు. తలుపు, బీరువా, పెన్ను మూత, ఏదైనా సరే, ఆయన చేతిలో తెరుచుకుందంటే ఇక అంతే. వాన వెలిసిన మర్నాడు కూడా ఆయన గొడుగు వరండాలో గబ్బిలంలా రెక్కలు చాచుకునే ఉంటుంది. ఆ ఇంటికి కొత్తగా వెళ్తే ఒళ్లు జలదరిస్తుంది. గదులూ అలమరలూ నోళ్లు తెరుచుకుని ఎవరికోసమో కాచుకున్నట్టుంటాయి. ఆయన్ని కట్టుకున్న అక్క కొన్నాళ్లు వెనకాలే మూసుకుంటూ తిరిగి, విసిగి వదిలేసింది.

ఆయన కంప్యూటర్లు బాగుచేస్తాడు. అక్కింట్లోనే పెరిగిన మరదలు ఇప్పుడు చెవి పరీక్షల క్లినిక్ నడుపుతోంది. బావ అక్కడికొచ్చినప్పుడల్లా ఇంకో వింత. కాసేపటికల్లా ఒక కాలికే చెప్పుంటుంది. రెండోదేది అంటే, "ఎక్కడో ఉంటుందిలే" అంటాడు. వెళ్లేటప్పుడు మళ్లీ రెండూ ఉంటాయి. మతిమరుపు అనుకుని మరదలు అక్కకి చెప్పి నవ్వేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమెకి పెద్ద చిక్కే వచ్చిపడింది. కొత్తగా కొన్న పరీక్ష మిషన్ అరవై నాలుగు బిట్ల సిస్టమ్ ఉంటేనే పలుకుతుందట. ఆమె కంప్యూటర్లో ప్రాసెసర్ అందుకు సరిపోయేదే, అందులో వేసిన సిస్టమ్ మాత్రం పాత ముప్పై రెండు బిట్లది. చూసినవాళ్లంతా తుడిచేసి కొత్తది వెయ్యమన్నారు. తుడిస్తే పదహారేళ్లుగా పిల్లలకి చేసిన పరీక్షల ఫలితాలు చూపించే ప్రోగ్రాం పోతుంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. తెల్లారితే పదకొండు మంది పిల్లలొస్తారు.

బావ తుడవనన్నాడు. మనుషులు కాపురముండగానే ఇంటి స్తంభాలు ఒక్కోటీ మార్చినట్టు, నడుస్తున్న సిస్టమ్‌లోనే ముక్క తీసి ముక్క పెడతానన్నాడు. తెర మీద ఆజ్ఞలు టైపు చేసే ఒక నల్ల డబ్బా తెరిచి కూర్చున్నాడు.

"దీన్ని ముట్టుకోకు. కింద అన్నీ మారిపోతున్నాయి. ఇది మూసుకుంటే మళ్లీ తెరవడానికి ఏదీ మిగలదు."

"నీకు తగ్గ పనే దొరికింది బావా," అంది.

సగమయ్యేసరికి ఆ కంప్యూటర్ పాతదీ కాదు, కొత్తదీ కాదు. ఏది నొక్కినా పలకదు. నల్ల డబ్బాలో గీత ఒక్కటే నాడిలా కొట్టుకుంటోంది. అప్పుడు వినపడింది, సన్నగా, కూ అని. పరీక్ష గదిలోంచి.

లోపల ఎవరూ లేరు.

బల్ల మీద పచ్చదీపం వెలిగింది. లోపల కూర్చున్నవాళ్లు శబ్దం వినపడి మీట నొక్కితే వెలిగే దీపం అది. మళ్లీ కూత, ఇంకా సన్నగా. మళ్లీ దీపం.

"బావా, లోపల నొక్కుతున్నదెవరు?"

బావ తల తిప్పలేదు. ముక్క మార్చేటప్పుడు ఆఖరి పరీక్ష దానంతటదే మొదలైందనీ, శుక్రవారం వచ్చిన పాప నొక్కిన నొక్కుళ్లే మళ్లీ వెలుగుతున్నాయనీ చెప్పాడు. శబ్దం తీగ పీకితేనే ఆ ముక్క వదులుతుంది. తీగ లోపలుంది. తను లేవడానికి లేదు.

ఆమె వెళ్లింది. మందపాటి గోడలు, వదిలితే తనే మూసుకునే బరువైన తలుపు. తీగ పీకగానే కూత ఆగింది. ఆ నిశ్శబ్దంలో తన నెత్తురు పారడం తనకే వినపడింది. ఏడేళ్లప్పుడు దాగుడుమూతల్లో అలమరలో ఇరుక్కున్నప్పుడూ ఇదే చప్పుడు. కళ్లు మూసుకుని వెనక్కి తిరిగి, తెరిచింది.

తలుపు మూసుకోలేదు. జానెడు సందులోంచి వెలుగొస్తోంది. సందు అడుగున నలిగిపోయిన చెప్పు ఒకటి.

చప్పుడు బయటికి రాని గదిలోంచి కూత వినపడింది అందుకే.

"ఎప్పట్నుంచి పెడుతున్నావు?" అంది బయటికొచ్చి.

"నువ్వీ క్లినిక్ పెట్టినప్పట్నుంచి."

"మరి ఇంట్లో తలుపులు?"

బావ ఒంటి చెప్పు కాలు బల్ల కిందికి లాక్కున్నాడు. "అలమరలో ఇరుక్కున్నాక ఏ తలుపేసినా వణికేదానివి. అందరూ పిరికిదని ఏడిపించేవాళ్లు. నాకు పిచ్చోడని పేరొస్తే పోయేదేముంది అనుకున్నా. తర్వాత అలవాటైపోయింది."

"అక్కకి చెప్పలేదా?"

"చెప్తే నీ గుట్టు బయటపడదూ?"

సాయంత్రానికి పదహారేళ్ల ఫలితాలూ కొత్త సిస్టమ్ మీద తెరుచుకున్నాయి. ఇక నల్ల డబ్బా మూసెయ్యొచ్చు. బావకి చెయ్యి రాలేదు. ఆమే మూసింది.

ఈసారి ఆయన నిజంగానే మర్చిపోయి ఒంటి చెప్పుతో ఇంటికెళ్లాడు. సోమవారం మొదటి పాపని లోపల కూర్చోబెట్టి, గది కిటికీ అద్దంలోంచి నవ్వి, మరదలు ఆ చెప్పు తీసి తలుపు తనే మెల్లగా మూసింది. చెప్పుని సొరుగులో పెట్టింది.

సొరుగు మాత్రం మూయలేదు.