చెల్లెను సిస్టర్ అని పిలిచిన రోజులు

మా చెల్లెను చూసి నేను కుళ్ళుకున్నాను. ఓర్వలేనితనం అనండి, కడుపుమంట అనండి, ఏ పేరు పెట్టినా నాకు పట్టింపు లేదు. నిజాం సర్కారు రోజుల్లో ఇబ్రహీంపట్నం దవాఖానలో నౌకరీ చేసిన అక్కాచెల్లెళ్ళం మేమిద్దరం. ముందు చేరింది నేను. దానికి పని నేర్పింది నేను. నర్సు చదువుకు హైదరాబాదు పోయింది మాత్రం అది.

అసలు ఈ మంట చాలా పాతది. అమ్మ పొలం పనికి పోతే చంటిపిల్లను ఎత్తుకునే మనిషి కావాలని బాపు నన్ను బడి మాన్పించాడు. అప్పటికి నాకు ఉర్దూ అక్షరాలు వచ్చాయి, మాటలు కూడబలుక్కోవడం మొదలైంది, అంతే. ఆ తరువాత నా చదువంతా దాన్ని సంకన వేసుకొని ఊరంతా తిరగడమే. అది పెద్దదై బడికి పోతే పలక మోసింది కూడా నేనే. దానికి ఉర్దూ వచ్చింది, తెలుగు వచ్చింది, లెక్కలు వచ్చాయి. నాకు పెళ్ళి వచ్చింది. ఆ సంబరం కూడా ఎక్కువ రోజులు లేదు, గత్తర, అదే కలరా, తగిలి ఆయన పోయాడు. మళ్ళీ బాపు ఇంటికే చేరాను.

గత్తర రోజుల్లో ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటే నేను భయపడకుండా అందరికీ నీళ్ళు పోశానని తెలిసి డాక్టర్ సాబ్ నన్ను దవాఖానకు పిలిపించాడు. కట్లు కట్టడం, మందు రాయడం, నారికురుపు చూడడం నా పని. మా వైపు బావుల నీళ్ళు తాగిన వాళ్ళ కాళ్ళలోంచి తెల్ల దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్త, తెగకుండా లాగాలి. తొందరపడి తెంపితే కాలంతా చీము పట్టి మనిషి మంచాన పడతాడు. నా చేతిలో పురుగు తెగదని కందుకూరు నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. నాకు తోడుగా ఉంటుందని చెల్లెను కూడా నేనే పనిలో పెట్టించాను. పుల్ల పట్టుకోవడం దగ్గరుండి నేర్పాను. నా వేలితో నా కన్నే పొడుచుకున్నానని అప్పుడు తెలియదు.

ఒక పొద్దున డాక్టర్ సాబ్ మా ఇద్దరినీ పిలిచాడు.

"హైదరాబాదుల నర్సు సదువుకు ఒక జాగా ఉన్నది. సదివి వస్తే పక్కా నౌకరీ, ఇజ్జత్ కూడ. కాని ఉర్దూ సదువ రావాలె."

ఆ జాగా నాదేననుకున్నాను. పెద్దదాన్ని, ముందు చేరినదాన్ని, ఇంకెవరిదవుతుంది? కొంగు సర్దుకొని నిలబడ్డాను. ఆయన గోడకు అంటించిన మలేరియా నోటీసు చూపించి చదవమన్నాడు. నేను మొదటి మాట కూడబలుక్కుంటున్నాను. అది నా నోట్లో ఉండగానే చెల్లె నోటీసంతా గడగడా చదివేసి, నా వైపు చూసి నవ్వింది. ఇప్పటికీ చెప్తున్నాను, చదివితే చదివింది గాని ఆ నవ్వు దానికి అవసరం లేదు.

మాది యేసును నమ్ముకున్న ఇల్లు. పెళ్ళికాని పిల్లను నగరానికి పంపుతున్నారని ఊళ్ళో వాళ్ళు నోళ్ళు నొక్కుకున్నా బాపు లెక్కచేయలేదు. "నా బిడ్డ నర్సమ్మ అయితది" అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆయనకు ఇంకో బిడ్డ ఉన్న సంగతి ఆ వారమంతా గుర్తులేదు. నేను జొన్నరొట్టెలు, పచ్చికారం మూటకట్టి ఇచ్చి, బస్సు దగ్గర "మస్తుగ సదువు, ఫికర్ పడకు" అన్నాను. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని, అది ఫెయిలై రావాలని ప్రార్థించాను. దేవుడికి కూడా చదువుకున్నవాళ్ళ మాటే వినబడుతుందేమో, అది బ్రహ్మాండంగా పాసై వచ్చింది.

వచ్చిన రోజు చూడాలి దాని వాలకం! తెల్లచీర, నెత్తిన తెల్లటోపీ, కాళ్ళకు బూట్లు. దవాఖాన వరండాలో అప్పటిదాకా డాక్టర్ సాబ్ బూట్ల చప్పుడే వినేవాళ్ళం. ఇప్పుడు మా ఇంటిపిల్ల టకటకమని నడుస్తుంటే రోగులు లేచి నిలబడుతున్నారు. నేను గోడకు ఒదిగి దారి ఇచ్చాను. నా అరచేతుల్లో నడక నేర్చుకున్న కాళ్ళవి.

హైదరాబాదులో రోగాల సంగతి ఎంత నేర్పారో గాని నడత మాత్రం బాగా నేర్పి పంపారు. సూదులు మరిగించందే ముట్టవద్దు. ఒక రోగిని ముట్టిన చేత్తో ఇంకొకరిని ముట్టవద్దు. రోగి మంచం మీద కూర్చోవద్దు. వాళ్ళు తెచ్చిన కూరగాయలు ఇంటికి తీసుకుపోవద్దు. ఇవన్నీ పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకున్నాను. కాని నా నోటికి కూడా తాళం వేసింది చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

నాకు అందరూ వరసే. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు "ఓ పెద్దబావా, నీ మూలశంక ఎట్లున్నదే?" అని కేకేసేదాన్ని. ఆయన కూడా అక్కడి నుంచే "జర నయమే మరదలా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అదే మా దవాఖానలో కాలక్షేపం. చెల్లె నన్ను పక్కకు పిలిచి, "ఒకరి రోగం ఇంకొకరి చెవుల పడొద్దు. ఆ ముచ్చట వాళ్ళది, మనది గాదు" అంది. "ఊరోళ్ళకు దాసుకునేటిది ఏమున్నదే? నా కండ్ల ముందర పుట్టిన పోరివి, నాకు జెప్తవా?" అన్నాను. అది వెళ్ళి వరండా పక్క గదికి ఒక తెర కట్టింది.

ఆ తెర కట్టాక జరిగింది చెప్పాలంటే నోరు రాదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటుకుంటూ తెర వెనక్కి పోవడం మొదలుపెట్టారు. నాతో రోజూ బావి దగ్గర పొద్దెక్కేదాకా ముచ్చట్లు చెప్పిన వాళ్ళు, నాకు ఎప్పుడూ చెప్పని బాధలు దానికి గుసగుసగా చెప్పుకున్నారు. తెల్లబట్ట సంగతి, గర్భం నిలవని సంగతి. ఇన్నేళ్ళూ వాళ్ళకు నా మీద నమ్మకం లేదా అని అడుగుదామనుకున్నాను. ఎవరిని అడగాలి? ముఖం మాడ్చుకొని కట్లు చుడుతూ కూర్చున్నాను.

పిలుపు దగ్గర అసలు గొడవ వచ్చింది. ఒకనాడు రోగులు నిండుగా ఉండగా, "ఏమే చెల్లే, గా సీసా అందియ్యి" అన్నాను. దగ్గరికి వచ్చి మెల్లగా, "డ్యూటీల గట్ల పిలువొద్దక్కా. సిస్టర్ అను" అంది.

"సిస్టర్ అంటే ఏంది?"

డాక్టర్ సాబ్ కుర్చీలోంచి నవ్వాడు. "అంగ్రేజీల బహెన్. అక్కగాని చెల్లెగాని, అంతే."

ఓరి దేవుడా! పుట్టినప్పటి నుంచి అక్కను నేను. అక్కరికం అంతా చేసింది నేను. అది ఒక బస్సెక్కి పోయి అదే పిలుపును ఇంగ్లీషులో తెచ్చుకొని నెత్తిన టోపీలా పెట్టుకుంది. ఇప్పుడు నేను దాన్ని అక్కా అనాలట! మరి నన్నేమంటుంది? డ్యూటీలో ఉన్నంతసేపూ "ఆయా" అంది.

ఈ సిస్టర్ మాట ఊళ్ళోకి కూడా పాకింది. దాని అర్థం ఎవరో చెప్పినట్టున్నారు. కాలి కట్టు కోసం వచ్చే ఒక ముసలమ్మ నేను నా చెల్లెను సిస్టర్ అనడం విని, నా గడ్డం పట్టుకొని బుజ్జగించింది. "గట్ల మూతి ముడుస్తవేంది బిడ్డా? చిన్నదానివి, మీ అక్క జెప్పినట్టు ఇను. పెద్దది గదా, నీ మంచికే జెప్తది." వరండా అంతా పకపకలు. చెల్లె కూడా తెర వెనక నవ్వింది, నాకు వినబడింది. ఆ రోజు నుంచి ఇంట్లో దానితో మాటలు మానేశాను. ఒకే పొయ్యి మీద వండుకొని చెరోవైపు తిరిగి తిన్నాం.

కొంతకాలానికి ఇంకో జాగా ఉందని కబురు వచ్చింది. హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరమ్మ స్వయంగా వచ్చి మనిషిని ఎంచుతుందన్నారు. నాకు నిద్ర పట్టలేదు. నాకూ టోపీ కావాలి. నాకూ బూట్లు కావాలి. దాని బూట్ల కంటే నావి గట్టిగా చప్పుడు చేయాలి. చదువు మీద భక్తితో చదువుకున్నవాళ్ళు ఉంటారు, మంచిదే. నా చేత చదివించింది మాత్రం కుళ్ళు. చెల్లె బట్టలు ఉతుక్కోవడానికి పోగానే దాని ఉర్దూ పుస్తకం తీసి, పొయ్యి ముందు కూర్చుని గొణుక్కుంటూ చదివాను. అది పసిగట్టినట్టుంది. పుస్తకం నా చాప పక్కనే వదిలి పోయేది, నాకు రాని మాటల కింద గీతలు గీసి, అర్థం తెలుగులో రాసి పెట్టేది. నాకు సాయం చేస్తున్నందుకు దాని మీద ఇంకా మండింది. అయినా చదివాను. మలేరియా నోటీసు ఇప్పుడు చూడకుండా కూడా చెప్పగలను.

డాక్టరమ్మ వచ్చే పొద్దున, ఎన్నాళ్ళకో చెల్లె నాతో మాట్లాడింది. "ఇయ్యాల ఆమె ముందర నువ్వేం మాట్లాడకు. నేనేమన్నా ఊకె ఇను." వినండి ఆ అధికారం! "నా నోరు, నా ఇష్టం" అని దులిపేసుకొని ముందు నడిచాను. అది నా వెనకే వస్తూ ఏదో చెప్పబోయింది. నేను చెవిన పెట్టలేదు.

డాక్టరమ్మ మోటారు దిగింది. సన్నటి మనిషి, కళ్ళద్దాలు. ఆ జాగా కోసం నిలబడింది ఇద్దరమే, నేను, కందుకూరు నుంచి వచ్చి మా దగ్గర కొత్తగా చేరిన ఒక పడుచు. మా ఇద్దరి చేతా చదివించింది. నేను తడబడలేదు. నారికురుపు కట్టు మార్చమంది. చేతులు కడుక్కొని, పుల్ల మరిగించి, పురుగును రవ్వంత తిప్పి కట్టు కట్టాను. కందుకూరామె చెయ్యి వణికింది. డాక్టరమ్మ తల ఊపి చెల్లె వైపు తిరిగింది.

"సిస్టర్, ఎవరిని పంపమంటవ్?"

"ఈమెను" అని చెల్లె నన్ను చూపించింది. "పని శుభ్రం, చెయ్యి నెమ్మది. ఇంత ఓపిక నేను ఏడ చూడలే."

నా ఛాతీ పొంగింది. డాక్టరమ్మ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది. "ముఖాలు కలుస్తున్నయి. నీకు చుట్టమా?"

"కాదు డాక్టరమ్మా" అంది చెల్లె, రెప్ప కొట్టకుండా. "నాకేం కాదు. దవాఖాన ఆయా, గంతే."

నాకేం కాదు! ఆ మాట చెవిన పడగానే జాగా, టోపీ, బూట్లు అన్నీ మరిచిపోయాను. "ఏం కానా?" అన్నాను, వరండా అదిరిపోయేట్టు. "నిన్ను సంకనేసుకొని తిరిగీ తిరిగీ నా నడుం వంకరపోయె. నీ కోసం బడి ఇడిసిపెడితి. ఏం కానంట! నేను దీని సొంత అక్కను డాక్టరమ్మా, ఒక్క తల్లి కడుపుల పుట్టినం!"

డాక్టర్ సాబ్ తల పట్టుకున్నాడు. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. సొంతవాళ్ళ కోసం సిఫారసు చేస్తే తాను ఒప్పుకోనని, అందులోనూ అబద్ధం ఆడి చేస్తే అసలే ఒప్పుకోనని, ఈసారికి చెల్లె నౌకరీ జోలికి పోవడం లేదని నిమ్మళంగా చెప్పింది. కందుకూరామెను పేరు పెట్టి పిలిచి, సామాను సర్దుకోమంది. మోటారు పోయింది.

చెల్లె టోపీ తీసి బల్ల మీద పడేసింది. రోగులందరూ చూస్తుండగా నా భుజాలు పట్టుకొని ఏడ్చింది. "ఒక్క గడియ నోరు మూసుకుంటే నీ పని అయిపోతుండె గదనే అక్కా! అక్కవని తెలిస్తే తీసుకోదని పొద్దుగాల చెప్పొస్తే ఇంటివా?"

డ్యూటీలో, అందరి ముందు, అక్కా అంది. ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్న పిలుపు వినబడినా నాకు సంతోషం కాలేదు. తప్పు నాదని మాత్రం నేను ఈనాటికీ ఒప్పుకోను. ఏం కాదని అనిపించుకొని వచ్చే చదువు నాకెందుకు అని అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను. కాని రాత్రి చాప మీద పడుకుంటే హైదరాబాదు బస్సు కళ్ళ ముందు మెదిలేది. మళ్ళీ జాగా వచ్చేసరికి నాకు వయసు దాటిందన్నారు.

కందుకూరామె చదువు ముగించుకొని మా దవాఖానకే వచ్చింది. అదే తెల్లచీర, అదే టోపీ, చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. మా చెల్లె పక్కన నిలబడి సూదులు లెక్క చూసుకుంటోంది. నేను పొయ్యి మీద నుంచి గిన్నె దింపి గుమ్మంలోకి వచ్చాను.

"సిస్టర్, నీళ్ళు మరిగినయి" అన్నాను.

ఇద్దరూ వెనక్కి తిరిగారు.