క్లచ్ మీద కాలు

బొల్లారం దాటాక వచ్చే రాళ్ళ గట్టు మీద నుంచి దిగేటప్పుడు జీపును ఏదో గుంజుతుందని అక్క పనిచేసే ధర్మాసుపత్రిలో అందరూ ఒప్పేసుకున్నారు. పదిమంది ఇంత సులువుగా ఒక మాట మీదికి వచ్చారంటే నాకు అనుమానం వస్తుంది. ఎవరో ఏదో చూడకుండా వదిలేశారన్నమాట.

ఆ జీపు మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్నది. నర్సుగా అక్క దాంట్లో సూదులు, మందులు వేసుకుని గట్టు అవతలి ఊళ్ళకు వెళ్ళేది. అక్కడ క్షయ రోగులున్నారు. సూదులు నెలల తరబడి తప్పకుండా పడాలి. మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుంది, ఆ తర్వాత అదే మందు పనిచేయదు. ఆ సంగతి అక్క అన్నం తింటూ కూడా చెప్పేది.

మొదటిసారి జీపు ఆ దిగుడులో అదుపు తప్పి జొన్నచేలోకి వెళ్ళి ఆగింది. అప్పుడు బయటపడిన సంగతేమిటంటే, డ్రైవరు గట్టు మీద పసుపు పూసిన రాయి దగ్గర తాళంచెవి తిప్పి ఇంజిను ఆపేసేవాడు. దండం పెట్టుకుని, చప్పుడు లేకుండా బండిని కిందికి జారనిచ్చేవాడు. ఆ దారిన పోయే డ్రైవర్లంతా అంతేనట, అమ్మవారి ముందు మోత చేయకూడదట. ఆసుపత్రి కార్యదర్శి గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఇకమీదట ఇంజిను నడుస్తూ ఉండాలి, బండి గేరులో ఉండాలి అని ఉత్తర్వు వేశాడు. డ్రైవరు సరేనన్నాడు. అయినా వానాకాలం వెళ్ళేలోగా జీపు మళ్ళీ అక్కడే తప్పి గుంతలో పడింది. కాంపౌండరు భుజం విరిగింది.

బ్రేకులు కొత్తవి, ఇంజిను నడుస్తోంది, గేరు వేసే ఉంది. కాబట్టి ఆ గట్టే గుంజుతోంది. ఇదీ వారి తర్కం. కార్యదర్శి బండి అమ్మేసి ఆ ఊళ్ళను వదిలేద్దామన్నాడు. కారణం కనిపెట్టడానికి అక్కకు నెలాఖరు దాకా గడువిచ్చాడు.

అక్క మా ఇంటికి వచ్చింది. ఆమె ఆదివారం చర్చి మానదు, నేను పదహారో ఏట మానేశాను. ఆ తగవు మా మధ్య ఎప్పుడూ ఉండేదే.

"ఏరా, మీ హేతువాద సభల్లో దయ్యాలన్నీ వదలగొడతావుగా," అంది. "ఈ ఒక్కదాన్ని వదలగొట్టి పుణ్యం కట్టుకో."

"పుణ్యం ఎందుకే, బండి ఆగితే చాలదూ?"

"నాకూ అదే చాలు. ఉపన్యాసం మాత్రం ఇవ్వకు."

ముందుగా డ్రైవరు తాగుతాడేమోనని అనుమానించాను. దగ్గరగా నిలబడి మాట్లాడించాను. వక్క వాసన తప్ప ఏమీ లేదు. తర్వాత, రాణిగంజ్‌లో బ్రేకులు వేసిన మెకానిక్కు పాతవాటికే రంగు వేశాడేమోనని అనుమానించాను. చక్రం ఊడదీయించి చూశాను, కొత్తవే. చివరికి డ్రైవరు పక్కన కూర్చుని గట్టు మీదికి వెళ్ళాను. అక్క వెనక సీట్లో మందుల పెట్టె పట్టుకుని కూర్చుంది.

"ఈ గడ్డ గుంజుతది సార్," అన్నాడు డ్రైవరు. "నేను బిరేకు మీద నిలబడ్డ అనుకోండి. కాలుతున్న వాసనొచ్చింది గని బండి ఆగలే."

"అందరి బండ్లనూ గుంజుతుందా?"

"ఎడ్లబండ్లను గుంజదు."

"అమ్మకు ఎడ్లంటే ఇష్టమేమో."

అతను నవ్వలేదు. దిగుడు మొదలైంది. ఇంజిను నడుస్తోంది, గేరు రెండులో ఉంది, ఉత్తర్వు ప్రకారం అంతా సక్రమమే. కానీ ఏదో తేడాగా అనిపించింది. అంత నిటారు దిగుడులో చక్రాలు పరుగెడుతుంటే, వాటికి కట్టేసిన ఇంజిను కూడా అరవాలి. ఈ ఇంజిను ఇంటి ముందు నిలబెట్టినట్టు మెల్లగా గొణుగుతోంది. వంగి కిందికి చూశాను. డ్రైవరు ఎడమ కాలు క్లచ్ పెడల్‌ను నేలకంటా తొక్కిపెట్టి ఉంది.

"ఆ కాలు ఎందుకక్కడ పెట్టావు?"

"లేకుంటే ఇంజిను మొత్తుకుంటది సార్. అమ్మ ముంగట లొల్లి చేసుకుంట పోతే మంచిగుంటదా?"

ఉత్తర్వును అక్షరం తప్పకుండా పాటించి, అమ్మవారినీ నొప్పించకుండా దారి కనిపెట్టాడు. క్లచ్ తొక్కితే ఇంజినుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. గేరు ఉన్నా లేనట్టే. భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడికి మాడిపోయి పట్టు వదిలేస్తాయి. జీపును తోసి స్టార్టు చేసిన ప్రతివాడికీ ఇది తెలుసు. క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ బండి తేలిగ్గా పోతుంది. వదలగానే గోడకు గుద్దుకున్నట్టు బిగుసుకుంటుంది. అలా బిగబట్టేది ఇంజినే. దిగుడులో మనకు కావలసింది ఆ బిగుసుకోవడమే.

ఆ రోజు బ్రేకులు కాలుతున్న వాసనతోనే ఎలాగో కిందికి చేరాం. చదును వచ్చాక ఇదంతా చెప్పాను. నిజానికి ఉపన్యాసమే ఇచ్చాను. తిరుగుదారిలో కంటోన్మెంటు దగ్గర ఒక చిన్న దిగుడు మీద కాలు తీయించాను. అక్కడ రాయీ లేదు, అమ్మా లేదు. అతను తీశాడు. బండి ఆగలేదు. ఇంజిను కాసేపు మూలిగి ఊరుకుంది, జీపు తన దారిన తాను జారిపోయింది.

డ్రైవరు నా వైపు జాలిగా చూశాడు. "చెప్పిన గద సార్."

ఆ రోజంతా నాకు మనసు కుదురుగా లేదు. నా వాదం తప్పా? తప్పయితే ఒప్పుకోవాలి, దానికి నాకు బాధ లేదు. కానీ అంతకుముందు ఆ క్లచ్‌ను కూడా ఒకసారి నిలదీయాలనిపించింది. గట్టు ఎక్కేటప్పుడు ఇంజిను గొంతు చించుకున్నా బండి పాకినట్టే పోయింది. బండి ముసలిదని డ్రైవరు సరిపెట్టాడు, నేనూ విని ఊరుకున్నాను. ముసలితనం అనే మాట కూడా గట్టు గుంజుతుందనే మాట లాంటిదే. ఒకసారి అనేస్తే ఇంకెవరూ వంగి చూడరు.

మర్నాడు జీపును మళ్ళీ మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. పెడల్‌ను వేలితో నొక్కాను. మొదట కొంచెం వదులుగా ఆడి, ఆ తర్వాతే బరువు తగలాలి. ఇక్కడ ఆ వదులే లేదు.

"గీయనకు పెడల్ తేలిగ్గ కావాలంటే బిగించిన," అన్నాడు మెకానిక్కు. "పెడల్ మీదికెల్లి కాలు తీయడు సార్, బస్సుల కూసున్నట్టు దాని మీదనే పెడ్తడు."

వదులు లేకపోతే, కాలు తీసినా క్లచ్ కొంచెం తొక్కి ఉన్నట్టే లెక్క. లోపలి క్లచ్ ప్లేటు ఇంజినును పూర్తిగా పట్టదు, జారుతూ అరిగిపోతుంది. విప్పి చూస్తే ప్లేటు నున్నగా, నల్లగా అద్దంలా ఉంది. కొత్తది వేయించి, పెడల్‌కు ఉండవలసిన వదులు ఉంచి బిగింపించాను.

గడువుకు ముందటి వారం మళ్ళీ గట్టు ఎక్కాం. జీపు ఈసారి గట్టిగా ఎక్కింది. రాయి దగ్గర డ్రైవరు బండి ఆపి, నేను అడగబోయేది ముందే పసిగట్టాడు.

"ఈడ మాత్రం కాలు తియ్య సార్. నన్ను కొలువులకెల్లి తీసేసినా మంచిదే."

నేను నోరు తెరిచాను. అక్క వెనక నుంచి నా భుజం గిల్లింది.

"అన్నా," అంది అతనితో. "ఆ ఊళ్ళో జబ్బుతో పడుకున్నవాళ్ళంతా ఆ అమ్మ పిల్లలే కదా. సూది తీసుకొచ్చే బండి మోత చేసిందని ఏ తల్లి కోప్పడుతుంది?"

"నీకేం తెలుసు సిస్టరమ్మ, మీ దేవుడు వేరే."

"వేరే అయితే నువ్వే అడుగు."

అతను దిగిపోయాడు. ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ప్లేటు మార్పించింది నేను, రోగులకోసం ఏడ్చేది అక్క, అనుమతి ఇవ్వవలసింది ఆ రాయా? ఒకవేళ వద్దంటే? మా అక్కకు గొడవ అక్కర్లేదు. పెట్టె ఒడిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమె కూడా ఎవరినో అడుగుతోందని నాకు గట్టి అనుమానం.

డ్రైవరు తిరిగొచ్చి కూర్చున్నాడు. "పొమ్మన్నది," అన్నాడు. రెండో గేరు వేసి, కాలు తీసి పక్కన పెట్టాడు.

ఇంజిను ఒక్కసారిగా అరిచింది. ఆ అరుపు తగ్గలేదు, బండి వేగమూ పెరగలేదు. ఎవరో వెనక నుంచి తోక పట్టుకున్నట్టు జీపు మెల్లగా, మొండిగా దిగింది. డ్రైవరు బ్రేకును మలుపు దగ్గర మాత్రం తాకాడు. అతని మెడ మీద చెమట కారుతోంది. నా మెడ మీద కూడా.

ఊరి మొగదల ఒక ముసలాయన దగ్గుకుంటూ వచ్చి అక్క పెట్టె వైపు చూశాడు. "ఇగ రారంట గద?"

అక్క కంటే ముందు డ్రైవరే జవాబిచ్చాడు. "ఎవరన్నరు? వస్తం. బండిని ఇప్పుడు ఇంజినే పట్టుకుంటున్నది."

గుంజే గట్టు మాట లేదు. అతన్ని కౌగిలించుకోవాలనిపించింది. ఇంకేమైనా కలుపుతాడేమోనని అనుమానంగా చూస్తూ నిలబడ్డాను. అక్క సూది మరగబెట్టడానికి స్టవ్ వెలిగించింది. డ్రైవరు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పోయేటప్పుడు పైన జెర సేపు ఆపుత సార్. కొబ్బరికాయ మొక్కుకున్న."

"ఆపు," అన్నాను. "హ్యాండుబ్రేకు వేసి ఆపు."